నలభై మూడో గడి

ఋషికొండ మీద ఆఫీసు.
అద్దాలకు అవతల సముద్రం,
ఇవతల రెండు నిలువు వరసల పట్టిక:
ఎడమన ఇంగ్లీషు, కుడిన ఖాళీ.
మాటకు రూపాయి ముప్పావలా నా కూలి.

విండోకి కిటికీ, వెతుక్కోకుండానే దొరికింది.
ట్యాబ్ దగ్గర ఒక పూట నసిగి
ట్యాబ్‌నే ఉంచేశాను.
బుక్‌మార్క్‌కి పుటగుర్తు అని రాశాను గానీ
నా పుస్తకాల్లో ఉండేది ఇరవై ఎనిమిదో నంబరు బస్సు టికెట్టు.
కుకీకి బిస్కెట్టు అని కొట్టేసి
ఎవరూ చూడకముందే చెరిపేశాను.

నలభై మూడో గడిలో చెయ్యి ఆగిపోయింది.
దించుకోనక్కర్లేదట, ఎక్కించుకోనక్కర్లేదట,
బ్రౌజర్ తెరిస్తే వస్తుంది, పని చేసిపెడుతుంది,
మూస్తే ఉండదు.
సొంత చోటంటూ లేని ఆ సాఫ్ట్‌వేర్‌ని ఏమనాలి?
పాత పదకోశం "జాల అనువర్తనం" అంది.
పైకి చదివితే
ఎవరో అధికారి గొంతు సవరించుకున్నట్టుంది.

జాలమంటే వలే కదా.
వల సంగతి జాలరిపేటకు తెలియాలి.

పెదవాల్తేరులో మా అద్దింటి అరుగు మీద
ఏడింటికల్లా గంప దించుతుంది మైలపల్లి నూకరత్నం.
కానగంతలు, నెత్తళ్ళు, అదృష్టముంటే ఒక కోనాం.
కత్తిపీట ఆవిడదే, నీళ్ళు మావి,
పిల్లి ఎవరిదో.
పట్టిక సంగతి చెప్పి అడిగాను.
"ఆ అరుగు నాదేటమ్మా?" అంది పొలుసు గీకుతూ,
"గంప దింపీసినాను, బేరమాడీసినాను,
ఎత్తుకుని ఎల్లిపోతాను.
అలగే కదేటి నువ్వు సెప్పింది?
దానికి మల్లా పేరెందుకు?"

నాకు చేపల సంచి పట్టుకోవడం కూడా మర్చిపోయింది.
బ్రౌజర్ అంటే అరుగు.
నలభై మూడు, అరుగు గంప.
తలుపు పక్క సున్నం గోడ మీద
నా బాకీకి ఆవిడ గీసిన బొగ్గుగీతలున్నాయే,
రేపు నన్ను గుర్తుపట్టే గీతలు,
అవే కుకీలు.
ఆవిడ వెళ్ళాక మధ్యాహ్నం దాకా ఆగే వాసన
క్యాష్.
పూర్వజన్మ వాసన అంటామే,
ఆ మాటే, అక్షరం మార్చక్కర్లేదు.

ఆ రోజు బస్సులో నిలబడే వెళ్ళాను,
సీటు ఖాళీగా ఉన్నా.

పాత్రుడు గారు మంచి మనిషి, చివరిదాకా చదివారు.
"వాసన అంటే సర్వర్ కుళ్ళిందనుకుంటారు మేడమ్.
బొగ్గుగీతలకి లీగల్ వాళ్ళు ఒప్పుకోరు.
అరుగు... మధురవాడలో మాది పధ్నాలుగో అంతస్తు."
గదిలో ఉన్న తొమ్మిది మందినీ అడిగారు.
అరుగు మీద కూర్చున్నవాళ్ళెవరు?
భీమిలి అబ్బాయి ఒకడు చెయ్యి సగం ఎత్తి
అది గట్టేమో అని దించేశాడు.

వెబ్ యాప్ అని రాశాను.
నాలుగక్షరాలు. గడి నిండింది.
రూపాయి ముప్పావలా.

"దొరికిందేటి నీ పేరు?" అంది తెల్లారి నూకరత్నం.
"దొరికింది. పెట్టనివ్వలేదు."
"పేరెట్టకపోతే సేప ఉడకదేటి!"
బొటనవేలు నాలిక్కి తడిచేసుకుని
గోడ మీద రెండు గీతలు తుడిచింది,
నేనిచ్చిన డబ్బు మూడింటికి సరిపోతుందని
ఇద్దరికీ తెలుసు.
ఒకటి ఉంచుకుంది.
నేను అడగలేదు.

గంప నెత్తికెత్తుకుని
వీధి మలుపులో కేక అయిపోయింది.
అరుగు మీద గుండ్రంగా తడి మచ్చ,
అంచున రెండు పొలుసులు.
తొమ్మిదింటి బస్సు వచ్చేదాకా
అది ఆరడం చూస్తూ కూర్చున్నాను.